చుక్క రాలని పుస్తకం

నగరి బస్టాండు ఎదురుగా ఉండే దేవకమ్మ టీ అంగట్లో మునిరత్నం నోరు తెరిచినాడంటే నేను ముందు జేబు తడుముకుంటాను. ఆయన దొంగని కాదు. ఆయన మాట వింటా కూర్చుంటే మనది ఏదో ఒకటి పోతాది, ఎక్కువగా సాయంత్రం బస్సు. నా పేరు దయానంద్, మరమగ్గాల మెకానిక్కును. మునిరత్నం ఇంట్లో ఒక మగ్గం ఉండాది, నడిస్తే ఇల్లంతా అదిరేది. దానికోసం మాటిమాటికీ నన్ను పిలిపించేవాడు. కొన్నాళ్ళుగా పిలవడం మానేసినాడు. మగ్గం మాత్రం కిమ్మనకుండా నడస్తాండాది. వేరే మెకానిక్కును ఎవర్నో తెచ్చుకున్నాడని నాకు అనుమానం, అడిగితే నవ్వి ఊరుకుంటాడు.

ఆ పొద్దు బెంచీ మీద కుప్పయ్య తాత, పక్కన ఆయన మనవరాలు లోహిత కూర్చోనుండారు. పదమూడేళ్ళ పిల్ల. టైఫాయిడ్ వచ్చి చాలా నెలలు బడికి పోలేదు. ఎనిమిదో తరగతి మళ్ళీ చదవమంటే, నాకంటే చిన్నోళ్ళ పక్కన కూర్చోనని మొండికేసింది. ఇంట్లోనే చదువుకోని జూన్‌లో పరీక్ష రాయమను, పాసైతే తొమ్మిదిలో కూర్చోబెడతానని హెడ్మాస్టరు ఒప్పుకున్నాడు. లెక్కలు పరవాలేదు, ఇంగ్లీషే గండం. కామా యాడ పెట్టాల, ఫుల్‌స్టాప్ యాడ పెట్టాల, ఏదీ తెలీదు. తిరుపతిలో తెలిసిన అంగడాయన రెండు గ్రామరు పుస్తకాలు ఇచ్చి పంపినాడు. ఒకటి ఇటికరాయంత లావు, ఇంకొకటి సన్నం. చూసి ఒకటి ఉంచుకోండి, రెండోది తడీ మరకా లేకుండా తిప్పి పంపండి అన్నాడంట. ఆ తిప్పి పంపేది సాయంత్రం బస్సులో నా చేతనే.

తాత రెండు చేతుల్లో రెండు పుస్తకాలు పెట్టుకోని తూకం చూసినాడు. "సన్నదాంట్లో సరుకు తక్కువ మాదిరి ఉండాదే" అన్నాడు. సన్నదాన్ని లోహిత మెల్లిగా ఆయన చేతిలోంచి తీసుకోని తెరిచింది.

"సరుకు తక్కువ కాదు మామా, మోసం ఎక్కువ" అని మునిరత్నం టీ గ్లాసు కింద పెట్టినాడు.

ఆయన కూతురు పూజిత కూడా ఇంట్లోనే చదువుతాది, ఓపెన్ స్కూల్లో పదికి కట్టింది. ఆ పిల్ల ఇంగ్లీషు రాస్తే ఒక్క తప్పుండదని ఊరంతా ఒప్పుకునే మాట. అందుకే తాత ఆయన పక్కకు తిరిగి చెవులు అప్పగించినాడు.

"సూడు మామా, నేను ఎచ్చులు చెప్పే మనిషిని కాను. మా పాపను ఇంట్లో చదివించాలని అనుకున్నప్పుడు గ్రామరు పుస్తకం కోసం తిరుపతికి పోయినాను. దాంట్లో గొప్పేముంది, అందరూ పోతారు. పోయి ఏం చేస్తారు? అట్ట చూస్తారు, కొనుక్కోని వచ్చేస్తారు. నేను పుస్తకం చూడలేదప్పా, అంగడాయన మొహం చూసినాను. నవ్వినాడు. పుస్తకాలమ్మే మనిషికి నవ్వెందుకు? ఆడే పట్టుకుంది నాకు అనుమానం. పుస్తకం తీసుకోని, గుడ్డను చూసినట్టు ఎండకు పట్టి చూసినాను, కాయితం నలిపి చూసినాను, వాసన చూసినాను. వెనక పేజీల్లో జవాబులు ఉండాయి. ప్రశ్న అడిగినోడే జవాబూ చెప్పేస్తాండాడంటే వాడు మనదగ్గర ఏదో దాస్తాండాడనే కదా? గమ్మున బయటికొచ్చేసినాను. ఆ వీధిలో ఉండే అంగళ్ళన్నీ ఇట్లే చూసినాను. ఒకాయన ఇంకొకాయనకు ఫోన్ చేసి చెప్పేసినాడు, నగరి నుంచి ఒక మనిషి వచ్చినాడు జాగ్రత్త అని. నేను వీధి చివరికి పోయేలోగా అన్ని షట్టర్లూ దించేసినారు."

"మధ్యాన్నం అన్నానికి పోయేటప్పుడు ఎవరైనా దించుతారు" అన్నది దేవకమ్మ, టీ తిరగబోస్తా.

"నువ్వు పొయ్యి సూసుకో అక్కా. ఇంక ఆ వార్త యాడిదాకా పాకిందో, కొన్నాళ్ళకే ఒక ఏజెంటు టై కట్టుకోని మా ఇంటికే వచ్చినాడు. నాలుగు పుస్తకాల సెట్టు. ఇదో, నీ చేతిలో ఉండే లావుది, దాంట్లో మొదటిది. సార్, మీరు పరీక్ష చేసి సరే అంటేనే మేము ఈ జిల్లాలో అమ్ముతాం, లేకుంటే మూట కట్టుకోని వెళ్ళిపోతాం అన్నాడు. నేను లొంగుతానా? తిన్నె మీద కూర్చోబెట్టి పొద్దుగూకేదాకా అడిగినాను. కామా ఎందుకు పెడతారు? ఎవరు పెట్టమన్నారు? పెట్టకపోతే మీ కంపెనీకేం నష్టం? మనిషికి చెమట పట్టేసి, కట్టుకున్న టై దానంతటదే ఊడిపోయింది."

"ఆ మనిషి పోతా పోతా ఈడే టీ తాగినాడు" అన్నది దేవకమ్మ. "నాకు బాగా గుర్తుండాది. టై మెడలోనే ఉండె. సంచీ మాత్రం ఖాళీ. ఈల వేసుకుంటా బస్సెక్కినాడు."

మునిరత్నం గ్లాసు పక్కకు జరిపినాడు. "భయమేస్తే కొందరు ఈల వేస్తారక్కా. సంచీ ఖాళీ ఎందుకంటే, ఇంక నావల్ల కాదు సార్, మీరే పరీక్ష చేసుకోండి అని పుస్తకాలు నా ముందర పడేసి పరిగెత్తినాడు."

"ఊరికేనే ఇచ్చేసి పోయినాడా?" అని అడిగినాను నేను.

"దయానందూ, నువ్వు బస్సు వస్తాదేమో సూసుకో."

లోహిత సన్న పుస్తకంలో వేలు పెట్టుకోని, పెదాలు కదిలిస్తా ఒక వాక్యం చదువుకుంటాండె. తలెత్తి "మామా, పూజితొదిన..." అని ఏదో చెప్పబోయింది.

"గమ్మునుండు పాపా, అసలు సంగతి ఇప్పుడే వస్తాండాది. కుప్పయ్య మామా, నిన్ను ఒకటి అడుగుతాను. మనం ఒక చీర తీసుకుంటే ఏం చేస్తాం? అంచు తడిపి తెల్లగుడ్డకు రుద్దుతాం. రంగు దిగిందంటే తీసి పక్కన పారేస్తాం. పుస్తకానికి ఎవరన్నా ఆ పని చేసినారా? అచ్చు కూడా రంగే కదా?"

తాత నిదానంగా తలూపినాడు. జీవితమంతా నేత నేసిన మనిషికి ఆ మాట సూటిగా పోయి తగిలింది. నాకు కూడా నిజమే కదా అనిపించింది. మునిరత్నం చెప్పింది నాకు నిజమనిపిస్తే ఇంకా భయమేస్తాది.

"నూలుకు రంగేసే తొట్టి ఉండాదే మా పెరట్లో, దాన్నిండా నీళ్ళు పట్టినాను. దొరికిన గ్రామరు పుస్తకాలన్నీ తెప్పించినాను, లావువీ, సన్నవీ, అన్నీ తీసి ముంచేసినాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అక్షరాలు కదల్లేదు. చుక్కలు రాలిపోయినాయి. ఫుల్‌స్టాపులు ఆవాల మాదిరి అడుక్కు దిగిపోయినాయి. కామాలకు తోకలుంటాయి కదా, ఆడించుకుంటా పైకి తేలినాయి. కొస్చన్ మార్కులు కొక్కేలు తగిలించి తొట్టి అంచు పట్టుకోని వేలాడినాయి, ఒక్కొక్కదాన్ని పీకేకి నా తలప్రాణం తోకకొచ్చింది. అన్నిట్లోకీ మోసం ఈ సన్న పుస్తకమే. తీసి చూస్తే దాంట్లో చుక్క అనేదే లేదు. ఆ లావు సెట్టు మాత్రం పూటంతా నానినా ఒక్క కామా ఊడలేదు."

"పూటంతా నానితే పుస్తకం ఉబ్బి పగిలిపోదా?" అన్నాను.

"చెడ్డ పుస్తకం ఉబ్బుతాది. మంచిది ఉబ్బదు."

"సరే, ఊడిపోయినవి ఏం చేసినావు?" అని తాత అడిగినాడు. ఆయన గొంతులో అనుమానం లేదు. దేవకమ్మా నేనూ మొహాలు చూసుకున్నాం.

"టీ జల్లెడతో తోడి, మిద్దె మీద వడియాలు పెట్టినట్టు ఎండబెట్టినాను మామా. మా కోడిపుంజు వచ్చి ఆశ్చర్యార్థకాలన్నీ ఏరుకోని తినేసింది. ఆ పొద్దు నుంచి అది ఈడ కూస్తే పుత్తూరులో జనం ఉలిక్కిపడి లేచేవాళ్ళు."

"మీ ఇంట్లో కోడిపుంజు యాడుండాది?" అన్నది దేవకమ్మ.

"ఇప్పుడు యాడుంటాది, పుత్తూరోళ్ళు వచ్చి కోసుకోని తినేసినారు. కథకు అడ్డం పడొద్దక్కా. ఇంక ఫుల్‌స్టాపులు ఒక సంచీడు అయినాయి. పారేసేకి మనసు రాలేదు, ఎవరి పిల్లల చదువో ఏమో. తీసుకుపోయి ఆ అంగళ్ళోళ్ళ ముందర పోద్దామని సంచీ భుజాన వేసుకోని తిరుపతి బస్సెక్కినాను. దిగి నడస్తాంటే దారిలో ఒక పెద్ద బడి, పేరు చెప్పను, వార్షికోత్సవం జరుగుతాండాది. కరస్పాండెంటు మైకు పట్టుకోని ఉపన్యాసం చదవతాండాడు. పాపం, ఆయన కాయితం కూడా ఆ మోసం పుస్తకాలేసిన ప్రెస్సులోనే అచ్చేయించుకున్నాడు. మొదట్నించి చివరిదాకా ఒక్క ఫుల్‌స్టాప్ లేదు. మనిషి యాడ ఆపాల? పొద్దున మొదలుపెట్టినాడంట, ఎండ నడినెత్తికి వచ్చేసింది, పిల్లోళ్ళు వరసగా సొమ్మసిల్లి పడతాండారు, ముఖ్య అతిథి కుర్చీలోనే నిద్రపోయి లేచి మళ్ళీ నిద్రపోయినాడు, కరస్పాండెంటు మొహం వంకాయ రంగుకు తిరిగిపోయింది, కండ్లతో అందర్నీ బతిమాలతాండాడు, నోరు మాత్రం మన సంస్థ మన విలువలు మన క్రమశిక్షణ అని పోతానే ఉండాది. డాక్టర్లు వచ్చి చూసి చేతులెత్తేసినారు. కరెంటు తీసేసినారు, మైకు లేకుండానే చదవతాండాడు. నేను గేటు కాడ్నుంచే చూసి జబ్బు ఏందో పట్టేసినాను. సంచీలోంచి ఒక్క ఫుల్‌స్టాప్ తీసి, గోలీ కొట్టినట్టు వేలితో కొట్టినాను. జనం నెత్తి మీదుగా పోయింది. పోయి కాయితం మీద, సరిగ్గా ఒక మాట చివర్న పడింది. మనిషి టక్కున ఆగినాడు. ఊపిరి పీల్చుకున్నాడు చూడు, స్టేజీ మీద పూలదండలన్నీ ఆయన పక్కకు వాలిపోయినాయి. శాలువా తెచ్చినారు నాకు."

"ఆ శాలువా ఏదప్పా, మేం చూడలేదే" అన్నాను.

"వద్దన్నాను. చేత్తో పట్టుకుంటే పాలియెస్టరు కలిపినట్టు అనుమానం వచ్చింది."

తాత నవ్వలేదు. అది సరైన కారణమే అన్నట్టు తలూపినాడు. దేవకమ్మ పొయ్యి తగ్గించి, కొంగుతో మూతి మూసుకుంది.

"ఇంక నన్ను ఎవరు వదుల్తారు? గూడూరు నుంచి నిమ్మకాయల లారీలెక్కి వచ్చినారు, చెన్నై నుంచి రైళ్ళలో వచ్చినారు, సార్ ఒక పిడికెడు, సార్ ఒక చిటికెడు అని. ఆఫీసోళ్ళు, పేపరోళ్ళు, పెండ్లి కార్డులు అచ్చేసేవాళ్ళు. మా వీధిలో క్యూ కట్టి నిలబడినారు. ఎవర్నీ నమ్మలేదు నేను, ఏ వాక్యానికి కావాల్నో చదివించుకోని మరీ ఇచ్చినాను. ఈ పొద్దు చిత్తూరు జిల్లాలో గానీ, తిరుపతి జిల్లాలో గానీ, ఏ కాయితం మీదన్నా ఒక చుక్క ఉండాదంటే అది నా సంచీలోంచి పోయిందే. అందుకే చెప్తాండాను మామా. లావుదే ఉంచుకో. మా పాప ఆ నాలుగు పుస్తకాలూ అట్ట నుంచి అట్టదాకా నమిలేసింది, అందుకే అట్ల రాస్తాది. ఆ సన్నదాన్ని ఇప్పుడే ఈ దయానంద్ చేతికిచ్చి పంపేసేయ్."

బస్టాండులో తిరుపతి బస్సు వచ్చి నిలబడింది. తాత లోహిత చేతిలోంచి సన్న పుస్తకం తీసుకోని నాకివ్వబోయినాడు. ఆ పిల్ల మొహం చూస్తే నాకు నిజంగా బాధేసింది. కథ నడిచినంతసేపూ ఆ పుస్తకంలోంచి తల ఎత్తింది తక్కువ. చదివేది ఆ పిల్ల, పరీక్ష రాసేది ఆ పిల్ల, ఒక సంవత్సరం పోతే పోయేది ఆ పిల్లది. పుస్తకం ఏరేది మాత్రం టీ అంగట్లో కూర్చున్న మేము.

"ఉండు తాతా" అని లోహిత లేచింది. "మామ చెప్పినట్టు తడిపి చూద్దాం."

ఎవరన్నా ఏమన్నా అనేలోగా పుస్తకం లాక్కోని, దేవకమ్మ గ్లాసులు కడిగే బక్కెట్లో ఒక మూల ముంచేసింది. తాత భుజం మీద తెల్ల తుండు అందుకోని, చీర అంచును రుద్దినట్టే దాని మీద పెట్టి రెండు వేళ్ళతో గట్టిగా రుద్దింది. అందరం వంగి చూసినాం. తుండు మీద తడి ఉండాది, ఇంకేం లేదు.

"ఒక్క చుక్క రాలలేదు తాతా."

"అయ్యో పాపా, మూలంతా తడిసిపోయిందే" అన్నాడు తాత. "ఇంక అంగడాయన తిప్పి తీసుకోడు."

"తీసుకోడు కదా. అందుకే తడిపినాను."

తాత తుండు తీసుకోని ఆ తడి మూలను అద్దినాడు. మునిరత్నానికి కోపం వచ్చింది. "ఒక మూల తడిపితే ఏం తెలుస్తాది? ఇంత సన్న పుస్తకం చదివి బాగుపడినోళ్ళు ఈ ఊళ్ళో ఎవరన్నా ఉండారా?"

"పూజితొదిన ఉండాది" అన్నది లోహిత. "వదిన చదివేది ఇదే. వాళ్ళమ్మ సుబ్బులమ్మత్త తెప్పించి ఇచ్చింది. పోయిన వారం నాకు దాంట్లోనే చెప్పింది కూడా. ఇందాక చెప్పబోతే నువ్వే గమ్మునుండమంటివి."

"మరి ఆ నాలుగు లావు పుస్తకాలు యాడుండాయి?" అని అడిగినాను. అడగతా ఉండంగానే నాకు ఎందుకో మునిరత్నం ఇంట్లో మగ్గం గుర్తొచ్చింది.

"మగ్గం కింద ఉండాయి" అన్నది ఆ పిల్ల. "కాలుకొకటి."

నా పని లాక్కున్న మెకానిక్కు ఎవరో నాకు అప్పుడు తెలిసింది. దేవకమ్మ పొయ్యి కాడ్నుంచి, "ఆ ఏజెంటు ఈల ఎందుకేసినాడో నాకిప్పుడు తెలిసింది" అన్నది. మునిరత్నం టీ గ్లాసు తీసుకోని నోటికి ఎత్తుకున్నాడు. దాంట్లో టీ ఎప్పుడో అయిపోయింది.

బస్సు హారన్ కొట్టింది. లోహిత లావు పుస్తకాన్ని తాత ఒళ్ళోంచి తీసి, తడి తగలకుండా సంచీలో పెట్టి నాకు ఇచ్చింది. తర్వాత మునిరత్నం పక్కకు తిరిగి, ఓదార్చినట్టు చెప్పింది.

"అవీ మంచి పుస్తకాలే మామా. మగ్గం రవ్వంత కూడా అదరడం లేదు."