బట్టలుతికే గదిలో కుబుసం

ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్‌లో నవంబరు మధ్యాహ్నం, మండు వేసవి. గని దగ్గరి వసతిలో ఉన్న బ్రోడీ, ఇంట్లో తన కూతురు టిల్లీనీ పెంపుడు కొండచిలువ బిస్కెట్‌నీ చూసుకుంటున్న తల్లి నోలీన్‌కు ఫోన్ చేశాడు.

"పెట్టెలో తేమ ఎంతుందమ్మా?"

"పొద్దున నలభై. నీళ్లు చల్లాక అరవై. ఈ ఎండకి నా తోలే ఊడొచ్చేట్టుంది, నా సంగతి అడగవేం?"

"తగ్గనివ్వకు. పోయినసారి కంటిమీద పొర ఉండిపోయింది. మళ్లీ అలాగైతే బిస్కెట్‌కి చూపు పోతుంది."

"ఇంక ఆ బెంగ అక్కర్లేదు. కుబుసం విడిచేసింది."

"ఎప్పుడు?"

"పొద్దున్నే. ఎక్కడా చిరక్కుండా, ఒకే ముక్క. టిల్లీయే తెచ్చి చూపించింది. పాముని మెళ్లో వేసుకు తిరిగే పిల్లాయె, దానికి భయమేంటి."

"నాచు పెట్టిన డబ్బాలోనే విడిచిందా?"

"అక్కడ కాదు... బట్టలుతికే గదిలో. మెషీను వెనక, తడి తువ్వాళ్ల దగ్గర."

"పెట్టె బయటా?"

"కోప్పడకు. నీళ్లు చల్లి మూత సరిగ్గా వెయ్యలేదేమో. తిరుగుతోంది, మళ్లీ తనే పెట్టెలోకి వస్తోంది."

"ఇప్పుడు పెట్టెలో ఉందా?"

"ఉండు, హాల్లోకి వెళ్లనీ... ఆ, ఉంది. చుట్ట చుట్టుకుని."

"కళ్లు చూడు."

"నాకు దాని మొహం చూడాలంటేనే..."

"చూడమ్మా."

"పాలు పోసినట్టున్నాయి. కాస్త నీలంగా."

"విడిచేస్తే కళ్లు తేటగా ఉండాలి."

"అయితే?"

"ఆ కుబుసం దగ్గరుందా? తలవైపు చూడు. పొలుసులు ఆవగింజల్లా సన్నగా ఉన్నాయా?"

"లేవు. పెద్దవే. నేలమీద బండలు పరిచినట్టు."

"పెద్దవా? సరిగ్గా చూశావా?"

"కళ్లజోడు పెట్టుకునే ఉన్నాలేరా. ఏమైంది? బ్రోడీ?"

"కొండచిలువ తల అలా ఉండదమ్మా. బిస్కెట్ ఇంకా విడవనే లేదు. అది బ్రౌన్ స్నేక్‌ది, విషప్పాముది. తడికోసం బయట్నించి వచ్చింది."

"బ్రౌనా? అది కరిస్తే..."

"టిల్లీ ఎక్కడ?"

"బట్టలుతికే గదిలోనే."

"ఆ గదిలోనా?"

"నీ ఫోన్ మోగేముందే పిలిచింది. నానమ్మా, పాము మళ్లీ మెషీను వెనక ఉందీ అని."

"నువ్వేమన్నావ్?"

"భయమెందుకే, మనదేగా, ఎత్తుకుని పట్రా అన్నాను."