జామచెట్టు కింద మట్టి

బల్ల మీద పళ్ళెమంత పెరడు. నమూనాలు చేసే ఆవిడ పట్టకారుతో జామచెట్టుకు కాగితపు ఆకులు అతికిస్తోంది. అమ్మబోతున్న ఇంటికి గుర్తుగా అది చేయించుకుంటున్న పెద్దమనిషి వంగి చూశాడు.

“అచ్చం మా పెరడేనండీ! ఈ మట్టి దేంతో చేశారు?”

“వాడేసిన టీపొడి ఎండబెట్టి చల్లానండీ.”

“బాగుంది. మరి చెట్టు కింద ఈ దిబ్బేంటి?”

“ఫోటోలో ఉందిగా. అప్పుడే తవ్వినట్టుంటే, అక్కడ మాత్రం కాస్త నల్లరంగు కలిపాను.”

“నేనిచ్చిన ఫోటోల్లో లేదే!”

“ఆ ఫోటో మీ అమ్మాయి తెచ్చిందండీ. వాళ్ళమ్మ కనిపించకుండా పోయిన మర్నాడు మేడ మీంచి తీసిందట.”

అతను వంగినవాడల్లా నిటారుగా నిలబడ్డాడు.

“చిన్నపిల్ల, దానికేం తెలుసు? చదును చేసెయ్యండి.”

“అలాగేనండీ.”

“ఇంకేమైనా చెప్పిందా?”

ఆవిడ పట్టకారు మెల్లగా కింద పెట్టింది.

“లేదండీ, ఏమీ చెప్పలేదు.”

నిజానికి ఆ పిల్ల వెళ్ళబోతూ ఒక్కమాట అడిగింది. ఎందుకడిగిందో ఆవిడకు ఇప్పుడే అర్థమైంది.

“ఈ నమూనా చూడగానే మా నాన్న కళ్ళు ముందు ఎక్కడికి పోతాయో కాస్త గమనించి చెప్పండి ఆంటీ.”