ఒక్క చుట్టు విప్పానంతే

"నేను పెద్దగా చేసిందేం లేదు మాస్టారూ, ఒక్క చుట్టు విప్పాను, అంతే," అని మొదలుపెట్టాడు కాయిల్ బాబాయ్, టీ గ్లాసు బల్ల మీద పెట్టి.

మోటార్లకు రాగితీగ చుట్టే పనిలో ముప్పై ఏళ్లు గడిపి, ఈమధ్యే ఇంటిపట్టున ఉంటున్న మనిషి. ఎదురుగా కూర్చున్నది నాటకాల మాస్టారు. ఆయన కష్టం ఆ టీ కొట్టులో అందరికీ తెలిసిందే. వీధి చివర నాటకాల హాల్లో బాకా మూతుల పాత చెక్క హారన్ స్పీకర్లు గొణుగుతున్నాయి. పోయిన నాటకానికి వెనక ఏడు వరసలవాళ్లు మాటలు వినపడక మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. ఈ ఆదివారం కూడా అలాగే అయితే హాలుని గోదాముకి ఇచ్చేస్తానని దాని యజమాని తేల్చి చెప్పేశాడు. స్పీకర్లు ఎవరి చేతిలో పెట్టాలో ఇవాళే తేల్చుకోవాలి. బాబాయ్ ఇంట్లో సొంతంగా హారన్ స్పీకర్లు తయారుచేసుకున్నాడని ఎవరో చెబితే వచ్చాడు మాస్టారు. వాటి చెక్కపని చేసిన వడ్రంగి, బాబాయ్‌కి స్వయానా బావమరిది, బల్ల చివర కూర్చుని టీ ఊదుకుంటున్నాడు.

"అసలు స్పీకర్‌లో ప్రాణం ఎక్కడుందంటారు? చెక్కలో ఉందంటారు అందరూ, మా బావమరిదీ అదే అనుకుంటాడు, వాడి పని అది కాబట్టి. కాదు. క్రాసోవర్‌లో ఉంది. క్రాసోవర్ అంటే ఏం లేదు, గేటు దగ్గర నిలబెట్టిన మనిషి అనుకోండి. సన్నగొంతు వస్తే నువ్వు పై హారన్‌లోకి పో అంటాడు, బొంగురుగొంతు వస్తే నువ్వు కింది హారన్‌లోకి పో అంటాడు. ఒక రాగితీగ కాయిల్, ఒక కెపాసిటర్, అంతే వాడి ఒళ్లంతా. కొట్లో కొన్నవాడైతే నిద్రమొహంతో నిలబడతాడు, ఎవరు ఎటు పోయినా వాడికి పట్టదు. మీ హాల్లో జరుగుతున్నది అదే. నేను నా కాయిల్ నా చేత్తోనే చుట్టాను, రెండొందల పన్నెండు చుట్లు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కితే అడగండి. పాత పాట రికార్డు ఒకటి పెట్టి విన్నాను. బాగానే ఉంది గానీ పాడే ఆవిడ గొంతు పైకెత్తినప్పుడల్లా పళ్లెం మీద గరిటె గీసినట్టు కీచుమోత. ఒక్క చుట్టు విప్పాను. కీచుమోత పోయింది."

ఒక్క చుట్టుకే అంత తేడా వస్తుందా అని మాస్టారు అడిగాడు.

"వస్తుందా అంటారేంటి? నాటకంలో మీవాడు ఒక్క మాట మింగేస్తే మీకు తెలీదూ? ఇదీ అంతే. అక్కడితో ఆగేవాడు మామూలు మనిషి, నేనెక్కడ ఆగుతాను, రెండో చుట్టు విప్పాను. అప్పటిదాకా ఎడంపక్క పెట్టెలో ఇరుక్కుని పాడుతున్న ఆవిడ కాస్తా లేచొచ్చి గది మధ్యలో నిలబడింది. వంటింట్లోంచి మా ఆవిడ, ఎవరండీ వచ్చింది, కూర్చోమనండి, అని కేకేసింది. మంచినీళ్ల గ్లాసు పట్టుకొచ్చి గదంతా వెతికి, ఆవిడేదీ, నన్ను చూసి పంపించేశారా, అని నా మీద పడింది. ఆ పూటంతా నాతో మాట్లాడితే ఒట్టు."

"అక్క నాతో ఎప్పుడూ ఈ మాట అనలేదే," అన్నాడు బావమరిది.

"పుట్టింటివాళ్లతో చెప్పుకునే మాటేనా అది? నువ్వు మధ్యలో మాట్లాడకురా, చుట్ల లెక్క తప్పుతాను. ఎక్కడున్నాను, మూడో చుట్టు. అది విప్పేసరికి వెనక వయొలిన్ వాయించే ఆయన మోకాలు కిర్రుమనడం వినిపించింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాలుగోది సగమే విప్పాను, సగమే, అప్పుడు తెలిసింది పాడే ఆవిడకి కుడివైపు దవడపన్ను కదులుతోందని. నాకు మనసాగలేదు, ఉత్తరం రాశాను, అమ్మా, ఆ పన్ను ఓసారి చూపించుకోండి అని. పదిరోజుల్లో జవాబొచ్చింది, పన్ను పీకేశారు, ఇప్పుడు హాయిగా ఉంది, మీరు చల్లగా ఉండాలి అని."

టీ కొట్టావిడ పాలగిన్నె దించుతూ ఇటు తిరిగింది. ఆ పాట రికార్డు తన చిన్నప్పుడు వచ్చింది కదా, అప్పటి పన్ను ఇన్నేళ్లూ కదులుతూనే ఉందా బాబాయ్, అని అడిగింది.

"అందుకేగా పీకాల్సి వచ్చింది! మొదట్లోనే చూపించుకుని ఉంటే నిలబడేది. నీ టీలో ఇవాళ పంచదార తగ్గింది, ముందు అది చూసుకో."

మాస్టారు నవ్వాడు గానీ, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆదివారం నాటకంలో కథంతా తల్లి పాత్ర మాటల మీదే నడుస్తుందని, ఆ పాత్ర వేసే అమ్మాయి గొంతు మరీ సన్నమని, చివరి వరసదాకా అది చేరితే చాలని, తనకి అంతకంటే ఏమీ వద్దని చెప్పాడు.

"సన్నగొంతా? సన్నగొంతు సంగతి నాకొదిలెయ్యండి. మా పక్కింటి మొగుడూపెళ్లాల విషయం చెబుతాను, వినండి. ఒకరోజు మైకు కిటికీలో పెట్టి మర్చిపోయాను. అప్పుడే కొత్త కెపాసిటర్ వేసి ఉన్నాను, గేటు దగ్గర మనిషి మంచి ఊపు మీద ఉన్నాడు. వాళ్లిద్దరూ మొదలుపెట్టారు. ఆవిడ తిట్లన్నీ పై హారన్‌లోంచి, ఆయన తిట్లన్నీ కింది హారన్‌లోంచి, ఒక్క మాట ఇటుది అటు పోకుండా, జల్లెడ పట్టినట్టు విడివిడిగా వస్తున్నాయి. పై హారన్ దగ్గర చెవి పెట్టాను, న్యాయం ఆవిడ వైపే ఉంది. కింది హారన్ దగ్గర పెట్టాను, ఆయన వైపూ న్యాయమే. ఇద్దర్నీ పిలిచి చెరో హారన్ దగ్గరా కూర్చోబెట్టాను, ఆవిడని ఆయన హారన్ దగ్గర, ఆయన్ని ఆవిడ హారన్ దగ్గర. అరగంట విన్నారు. కళ్లు తుడుచుకుని, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వెళ్లారు. ఇప్పుడు నెలకోసారి వాళ్లే వచ్చి, బాబాయ్, ఓసారి మైకు పెట్టవా, అంటారు."

మాస్టారు ఏమనుకున్నాడో గానీ, జేబులోంచి హాలు తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. తనకి ఇంకెవరూ దొరకలేదని, నమ్మక తప్పదని ఆయన ముఖంలోనే కనిపిస్తోంది. బావమరిది టీ తాగడం ఆపి ఆ తాళంచెవి వంక చూశాడు.

తాళంచెవి చూసేసరికి బాబాయ్‌కి పూనకం వచ్చింది.

"ఇదంతా ఒక ఎత్తు, పోయిన నెల జరిగింది ఒక ఎత్తు. ఆఖరి చుట్టు ఒకటి విప్పి చూద్దామనిపించింది. విప్పాను. ఏమైందో తెలుసా? గేటు దగ్గర మనిషి గొంతులు చూడడం మానేసి మాటలు చూడడం మొదలుపెట్టాడు. రేడియోలో ఎన్నికల ప్రసంగం వస్తోంది. అబద్ధాలన్నీ కింది హారన్‌కి, నిజాలన్నీ పై హారన్‌కి పంపుతున్నాడు. కింది హారన్ గంటసేపు ఊపిరి తీసుకోకుండా ఊదరగొట్టింది, కిటికీ అద్దాలు అదిరాయి. పై హారన్ కిక్కురుమనలేదు. తీగ తెగిందేమోనని నేనే కంగారుపడ్డాను. సరిగ్గా గంట తర్వాత ఒక్కసారి, ఒకే ఒక్కసారి పలికింది, ఆ నాయకుడు పక్కవాణ్ని కాసిని మంచినీళ్లు ఇమ్మని అడిగినప్పుడు."

కొట్లో అందరూ నవ్వారు, మాస్టారు కూడా. బావమరిది ఒక్కడే నవ్వలేదు. గ్లాసు పక్కన పెట్టాడు.

"ఆ ఒక్కసారి కూడా పలికి ఉండదు బావా."

"ఏరా, నువ్వేమైనా పక్కనున్నావా?"

"పక్కన లేను గానీ, పై హారన్ల వెనక బిగించే యూనిట్లు రెండూ నా కొట్లో ఉన్నాయి. మోత పుట్టేది వాటిలోంచే కదా. హారన్ మెడకి మర సరిపోలేదని, పెట్టెలు మీ ఇంట్లో దింపిన రోజే విప్పి తీసుకెళ్లాను. ఎనిమిది నెలలైంది. నీ తీగలు పెట్టె లోపల గాల్లో వేలాడుతున్నాయి."

బాబాయ్ అందరి ముఖాలూ చూశాడు. "మరి మర సరిచేసి తెచ్చివ్వొచ్చు కదరా."

"నాలుగుసార్లు తెచ్చాను. వచ్చిన ప్రతిసారీ కూర్చోబెట్టి, పై హారన్ ఎంత తియ్యగా పాడుతోందో గంటసేపు చెప్పావు. అవి సంచిలోంచి తీయడానికి నాకు చెయ్యి రాలేదు. ఇవాళ కూడా ఊరుకునేవాణ్ని. కానీ మాస్టారి హాలు పోతుంది బావా."

టీ కొట్టావిడ స్టవ్ మంట తగ్గించింది. బాబాయ్, "చూశారా మాస్టారూ, యూనిట్లు లేకుండానే అంత పాడించానంటే..." అని ఎత్తుకున్నాడు. ఎత్తుకున్నది సగంలోనే జారిపోయింది.

"మరి ఇన్నాళ్లూ మీకేం వినిపించింది?" అని అడిగాడు మాస్టారు. వెటకారంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

బాబాయ్ ఖాళీ గ్లాసు పక్కకి జరిపాడు. "వినపడాలనుకున్నది వినపడింది మాస్టారూ. మోటార్ల హోరులో ముప్పై ఏళ్లు పనిచేశాను. సన్నటి మోతలు నాకు ఎప్పుడు వినపడటం మానేశాయో నాకే తెలీదు. సిగ్గుగా ఉంది."

మాస్టారు తాళంచెవి తీసి బావమరిది ముందుకి జరిపాడు. ఆదివారంలోపు అవుతుందా అని అడిగాడు.

"అవుతుంది," అన్నాడు బావమరిది. "ఆ హాల్లో స్పీకర్ల కాయిళ్లు చిలుం పట్టిపోయాయి, కొత్తవి చుట్టాలి. అలా చుట్టేవాడు మా బావ తప్ప ఇంకెవడూ లేడు, నిజం నిజమే. అందుకని చెయ్యి బావది, చెవి నాది. నోరు మాత్రం ఇంట్లో పెట్టి రమ్మనండి."

కాయిల్ బాబాయ్ ఏదో అనబోయాడు. ఆగి, నోరు మూసుకుని, సరేనని తలూపాడు.