మైకు పెట్టే మనిషి

ఎలక్ట్రీషియన్ తన కొట్లో టేబుల్ ఫ్యాను విప్పి, ముందు పరుచుకు కూర్చున్నాడు. ఎదురుగా స్టూలు మీద అతని బావమరిది ఉన్నాడు.

“పన్నెండేళ్ళు మైకు పెట్టిన చర్చిని వదిలేస్తావా బావా?”

“మీ అక్క నెల్లాళ్ళు ఆస్పత్రిలో పడుంటే ఒక్కరైనా తొంగిచూశారా? అడిగితే, సంఘం పుస్తకంలో మా పేర్లే లేవన్నారు.”

“అదెలా?”

“పేర్లు రాసుకునే ఆదివారం, చేరేవాళ్ళు ముందుకు రండని మైకులో పిలిచారు. నేను వెళ్తే ఆ మైకు చూసేదెవరు? నేను లేకుండా మీ అక్క కదల్లేదు. పాస్టరుగారి గొంతంతా నా చేతిలోనే ఉండేదిరా. నా పేరు మాత్రం ఆయన నోట్లో లేదు.”

“ఊరందరికీ వినిపించావు, నీ గోడే ఎవరికీ వినపడలేదు. కొత్త చర్చివాళ్ళేమన్నారు?”

“నా పని తెలిసి ఎగిరి గంతేశారు. మరేం అడక్కుండా, ఈ ఆదివారం నుంచే మైకు దగ్గరికి వచ్చెయ్యమన్నారు.”

“ఇంకేం, కలిసొచ్చిందిగా!”

“మైకు పెడతాను, ముందు మా ఇద్దరి పేర్లూ సభ్యులుగా రాసుకోండన్నాను.”

“రాసుకున్నారా?”

“దానికి మాత్రం, పాత సంఘంలో సభ్యులమేనని ఉత్తరం పట్టుకు రమ్మన్నారు.”