సోమవారం మోగిన గంట

"నానమ్మా, పెండ్లి ప్రకటన మూడు ఆదివారాలు ఎందుకు చదవాలె? ఒక్కసారి వాట్సాప్‌ల పెడితే అయిపోదా?"

అయిపోతది బిడ్డా. మీ పెద్దమ్మ చూస్తది, చూసి పది మందికి చెప్తది, అంతే. కూసో. ఆ ఫ్యాను జెర తక్కువ చెయ్యి, నా మాట నాకే వినపడ్తలేదు.

మూడుసార్లు ఎందుకంటే, గుడిల అందరి ముందు అయ్యగారు చదువుతడు కదా, ఫలానా పిల్లగానికి ఫలానా పిల్లకు పెండ్లి, ఎవరికన్న అభ్యంతరముంటే చెప్పుండ్రి అని. మొదటి వారం సగం మంది నిద్రల ఉంటరు. రెండో వారం విని, ఎవరి పిల్ల అని పక్కనోళ్లను అడుగుతరు. మూడో వారానికి గని అభ్యంతరం తయారు కాదు. అందుకే మూడు. ఇది నేను చెప్తున్న, బైబిల్ల లేదు.

నా మూడో ప్రకటన ముచ్చట నీకు చెప్పిన్నా? మీ నాన్నకు చెప్పిన్నేమో. ఆయన విన్నడో లేదో.

మా నాన్న కాకినాడ దిక్కునుంచి రైల్వే ఆఫీసుల గుమాస్తాగ వచ్చిండు. పోయేదాకా "అండి" వదలలే. కూరగాయలామెతో సుత "వంకాయలు ఎలా ఇస్తున్నారండి" అంటుండె. ఆమె ఈయనెవరో పెద్ద ఆఫీసరనుకొని రేటు పెంచుతుండె. ఈ సీతాఫల్‌మండిల మాకు బాబాయిలు లేరు, మేనమామలు లేరు. అమ్మ, నాన్న, నేను, తమ్ముడు. మిగిలిన చుట్టరికమంత గుడే.

మీ తాతోళ్లది అల్వాల్. ఆయనకు నేను నచ్చిన. ఆయనకు ఏదైన తొందరగ నచ్చేది, అది వేరే ముచ్చట. వాళ్లమ్మకు, అంటే మా అత్తమ్మకు, నచ్చలే. "పిల్ల బాగనే ఉన్నది. కని వాళ్లకు ముందెనక ఎవరున్నరు? రేపు కష్టమొస్తే గడప తొక్కేటోళ్లెవరు?" అన్నదంట. ఆమె చూపు ఒక టీచరమ్మ బిడ్డ మీద ఉండె. ఆ పిల్లకు ఏడుగురు మేనమామలు. అంతమంది మామలను పెట్టుకొని ఏం చేస్తరో నాకిప్పటికీ తెలవదు. మీ తాత పట్టువట్టిండని ఆమె ఊకున్నది, అంతే.

పెండ్లి సోమవారం... కాదు కాదు, మంగళవారం. ఎందుకంటే బుధవారం నుంచి శ్రమకాలం షురూ. అది మొదలైందంటే ఈస్టర్ దాకా మన గుడిల పెండ్లిళ్లు చెయ్యరు, తెలుసు కదా. అత్తమ్మ ముందే చెప్పింది: "మంగళవారం అయితే అయినట్టు. లేకుంటే ఈస్టర్ తర్వాత చూద్దాం." ఈస్టర్ తర్వాత ఆమె చూసేది నన్ను కాదని నాకు తెలుసు.

అల్వాల్ గుడిల మూడు ప్రకటనలూ అయినయ్. మా దగ్గర రెండు అయినయ్. మూడో ఆదివారం అయ్యగారు ఏదో ఊర్ల సువార్త కూటాలకు పోయిండు. ఆ రోజు ఆరాధనను సంఘం సెక్రటరీ రత్నం సారు నడిపిచ్చిండు. లెక్కల సారు, బడిల పిల్లలు నోరు తెరవనియ్యరు, గుడిల మేము దొరికినం. స్త్రీల సమాజం పిక్నిక్ బస్సు ఎక్కడ ఆగుతదో చెప్పిండు. క్రిస్మస్‌కు తీస్కపోయిన స్టీలు బకెట్ ఎవరింట్ల ఉన్నా తెచ్చియ్యాలన్నడు. చెప్పులు వరుసగ విడవాలన్నడు. నా పెండ్లి చెప్పలే. అమ్మ నాన్నను మోచేతితో పొడిచింది. నాన్న, "చివర్లో చదువుతారేమోలే" అన్నడు. చివర్ల సారు ఆశీర్వాదం ఇచ్చి అందర్నీ ఇంటికి పంపిచ్చిండు.

సోమవారం పొద్దుగాల అయ్యగారు వచ్చిండని తెలిసి నాన్న ఉరికిండు. రత్నం సారును పిలిపిచ్చిండ్రు. సారు ఏమన్నడంటే, "ఏముంది అయ్యగారూ, చదివినట్టు రాసుకుందాం. రెండుసార్లు విన్నోళ్లకు మూడోసారి కొత్తగ ఏం తెలుస్తది?"

అయ్యగారు మెత్తటి మనిషే, కని ఆ మాటకు మాత్రం, "చదవంది చదివిన్నని రాసి, రేపు ఆ పిల్లల చేతులు ఏ మొఖంతోని కలుపుత?" అన్నడు. నాన్న గోడకు ఆనుకొని నిలబడ్డడంట. ఇంట్ల పందిరి వేసినం, నాకు నలుగు పెట్టిండ్రు, మల్లెపూలామెకు చెప్పినం. మూర పావలా అప్పుడు, ఇప్పుడు పువ్వు పావలా అయినట్టున్నది.

అయ్యగారు జెరసేపు ఆలోచించి, "సంఘం ముందట చదవాలని ఉన్నది గని, ఆదివారమే అని లేదు. ఇయ్యాల సాయంత్రం ప్రార్థన పెడ్దాం. కని సంఘం రావాలె. మీ ఇంటోళ్లు నలుగురొచ్చి కూసుంటే చదవను" అన్నడు. సోమవారం సాయంత్రం ఎవరొస్తరు చెప్పు? ఆదివారమే రారు. ఫోన్లు లేవు. గుడి గంట కొట్టే యాకోబు తాతకు గంట కొట్టమని చెప్పిండ్రు.

ఏందంటే, ఆదివారం గంట గడగడ మోగుతది. వారం మధ్యల కొట్టుడంటే యాకోబు తాతకు ఒక్కటే పని తెలుసు, ఎవరన్న పోతే. ఒక్కటి కొట్టి ఆగుడు, మళ్ల ఒక్కటి. అయ్యగారు నోటితోని ఏం చెప్పిండో, తాత చెయ్యి దానికి తెలిసిందే చేసింది.

మా అమ్మకు అన్నీ తెలుసు కదా, ఆమె సుత ఆ గంట విని, "అయ్యో, ఎవరు పోయారో" అని పెట్టెల నుంచి తెల్లచీర తీసింది. నాన్న, "మన పిల్ల ప్రకటనే" అంటే, "అది సరే, ముందు ఎవరో కనుక్కోండి" అన్నది.

మేము పోయేసరికి గుడి నిండింది బిడ్డా. ఆఫీసుల నుంచి సైకిళ్ల మీద అట్లనే వచ్చిండ్రు. ఆడోళ్లంత తెల్లచీరలు. ఎవరో దండ సుత కొనుక్కొచ్చిండ్రు. నేను ఒక్కదాన్నే ఆకుపచ్చ చీర. ఏం పిల్ల, జెర సుత దుఃఖం లేదు అన్నట్టు చూసిండ్రు. పోయింది సంపూర్ణమ్మే అని అందరు అనుకున్నరు, ఆమెకు ఎనభై దాటింది, ఆయాసం. ముందు వరుసల ఇద్దరు ఆమె మంచితనం చెప్పుకొని కండ్లు తుడుచుకుంటున్నరు. అంతల సంపూర్ణమ్మ రిక్షా దిగి, "ఎవరే పోయింది?" అనుకుంట వచ్చింది. ఆమెను చూసి కొంతమంది జెర నారాజ్ అయిండ్రు.

అయ్యగారు లేచి ఇంకో ముచ్చట లేకుండ ప్రకటన చదివిండు. నా పేరు, మీ తాత పేరు. ఎవరికైన అభ్యంతరముంటే చెప్పుండ్రి అన్నడు. ఎనక నుంచి ఒకాయన లేచి, "అభ్యంతరమేం లేదు గని అయ్యగారూ, పోయిందెవరు?" అన్నడు.

"ఎవరూ పోలే. రేపు పెండ్లి."

సంపూర్ణమ్మనే ముందు నవ్వింది. ఇగ గుడంత నవ్వుడే, తెల్లచీరలు కట్టుకొని, ఏడ్చిన కండ్లతోని.

గప్పుడే అల్వాల్ నుంచి మా అత్తమ్మ తెల్లారి పెండ్లికని చుట్టాలను తీస్కొని దిగింది. గుడి గేటు దగ్గర ఈ మందినంత చూసి ఆగిపోయింది. స్త్రీల సమాజమోళ్లు టమాట పప్పు, అన్నం గిన్నెలు మోసుకొస్తున్నరు. పోయినోళ్ల ఇంట్ల పొయ్యి వెలిగియ్యరు కదా, గంట వినంగనే ఎసరు పెట్టిండ్రు. ఇంటి పేరు తెలవక గుడికే తెచ్చిండ్రు. అదంత మా ఇంటికే వచ్చింది, పెండ్లి చుట్టాలు ఆ రాత్రి అదే తిన్నరు. పప్పుల ఉప్పు జెర ఎక్కువైంది. ఏడ్చుకుంట వండిండ్రని నేను ఏమనలే.

"వీళ్లంత ఎవరు?" అన్నది అత్తమ్మ.

"మా వాళ్లేనండి" అన్నడు నాన్న.

"తెల్లచీరలేంది?"

నాన్నకు అబద్ధం చేతకాదు. నిజం చెప్పనీకి ధైర్యం చాలలే. రత్నం సారు ఊకుంటడా, మొదటి నుంచి చివరి దాకా విడమరిచి చెప్పిండు, తన మరుపు ఒక్కటి తప్ప. నేను అమ్మ ఎనక నిలబడి, అయిపోయింది, ఈమె ఇగ వెనక్కి తిరుగుతది అనుకుంటున్న.

అత్తమ్మ అంత విన్నది. ఆ మందిని మళ్లొకసారి చూసింది. "అంటే, ఎవరు పోయిండ్రో తెలవకుండనే ఇంతమంది ఉరికొచ్చిండ్రా?" అన్నది. ఇగ నా దిక్కు తిరిగి, "పా బిడ్డా, లోపలికి పా, నలుగు పెట్టిన పిల్లవు గాలికి నిలబడొద్దు" అన్నది. నన్ను బిడ్డా అని పిలుచుడు అదే షురూ. పోయేదాకా మళ్ల మార్చలే.

తెల్లారి పెండ్లి అయింది. గదే గుడిల మీ నాన్నకు బాప్తిస్మం ఇప్పిచ్చినం, గొంతు చించుకొని ఏడ్చిండు, ఇప్పుడు పాటలు సుత గట్లనే పాడుతడు. మీ తాత పోయిన నాడు నేను ఎవరికీ చెప్పలే. చెప్పే పని పడలే. గంట మోగింది, వచ్చిండ్రు. నాలుగు దినాలు నా పొయ్యి నన్ను ముట్టనియ్యలే. ఎవరికి థ్యాంక్స్ చెప్పాలె బిడ్డా, ఎంతమందికని చెప్త? ప్రార్థన చేసేటప్పుడు వాళ్ల పేర్లు చెప్పుకుంట పోతే నిద్రొస్తది, దేవుడే మిగిలినోళ్లను కలుపుకుంటడు.

నీ పెండ్లికి మంది వస్తరు, బిర్యానీ ఉంటే ఎవరైన వస్తరు. పేరు అడగకుండ ఉరికొచ్చేటోళ్లు దేవుడు నీకు సుత ఇయ్యాలె. నువ్వు సుత ఇంకొకరి కోసం గట్లనే ఉరకాలె. అందుకు గట్టి మోకాళ్లియ్యాలె తల్లీ నీకు. నావైతే చూస్తున్నవ్ కదా, జెర చెయ్యియ్యి, లేస్త...