ఓడ మీంచి అడిగిన మాఫీ

హజ్‌కు పోయేవాడు తాను తాగిన పాల రుణాన్ని తల్లి చేత మాఫ్ చేయించుకోవాలి. లియాఖత్ అలీ కన్నతల్లితో ఆ మాట అనిపించుకునే బొంబాయిలో ఓడెక్కాడు. కానీ పసితనంలో ఆమె జబ్బుపడితే తనకు పాలిచ్చి బతికించిన కురుమ బీరమ్మను కూడా అడగాలా అన్న అనుమానం అతనికి ఏళ్లుగా ఉంది. జిద్దా చేరకముందే తేల్చుకుందామని ఓడలోని ఫోను గదికి వెళ్లి, సొంతూరు కట్టంగూర్‌లో కిరాణా దుకాణానికి ఫోను కలిపించుకుని బీరమ్మను పిలిపించాడు.

"బీరమ్మా, నేను లియాఖత్‌ను. సముద్రం నడుమకెల్లి మాట్లాడుతున్న."

"సముద్రంల గూడ ఫోనుంటదా? తిన్నవా?"

"తిన్న. చిన్నప్పుడు నీ పాలు తాగిన గదా, గవి మాఫ్ జెయ్యాలె. అడుగుడు మా రివాజు."

"పాలకు మాఫేంది? మా మేకపిల్లలు గూడ గిట్ల అడుగవు."

"నవ్వకు. నువ్వు ఊఁ అనకుంటే మక్కాల నా మనసు నిలువది."

"జర ఆగు. మాఫ్ జేస్తే ఇగ నీకూ నాకూ ఏం లేనట్టేనా?"

"గట్లెట్లయితది? గిది తల్లినే అడుగుతరు."

"తల్లినేనా?"

"తల్లినే."

"మరి గిన్నేండ్లు బీరమ్మా, బీరమ్మా అనే పిలిస్తివి. నా కొడుకు పర్వతాలు పిలిచినట్టు ఒక్కపారి పిలువు."

వెనక వరుసలో నిలబడ్డ యాత్రికులు అతని వైపే చూస్తున్నారు. లియాఖత్ గొంతు తగ్గించలేదు.

"అమ్మా."



"ఫికర్ జెయ్యకు బిడ్డా, పోయిరా. నా పాలు నీకు మాఫ్."