సూదుల డాక్టరుగారికి ఒక మాట చెప్పాలి

మూడువందల పన్నెండు మంది, అన్నయ్యగారూ! మూడువందల పన్నెండు మందికి ఫోన్లో నమస్కారం పెడితే ముగ్గురంటే ముగ్గురు పలికారు. ఏం మనుషులండీ? నమస్కారానికి నమస్కారం పెడితే వీళ్ళ సొమ్మేం పోయింది?

నవ్వండి, నవ్వండి. ఆ ముగ్గుర్లో ఒకాయన ‘ఎవరమ్మా నువ్వు?’ అన్నాడు. రెండో ఆయన నాకే బీమా అంటగట్టబోయాడు. మూడో ఆవిడ ‘నిన్న మా ఆడపడుచుకీ ఇదే వచ్చింది, ఒక్క అక్షరం తేడా లేదు’ అని నన్ను బ్లాక్ చేసి పారేసింది.

అయ్యో, ఆ స్టూలు వద్దు, కాలు ఊగుతుంది. ఇలా కుర్చీలో కూర్చోండి. ఊరందరి కుట్టుమిషన్లూ బాగుచేస్తాను గానీ సొంత స్టూలుకి మేకు కొట్టుకునే తీరిక లేదు. ఫోన్లో మొహం చూసి ఆరడుగుల మనిషనుకున్నానండీ! రెండేళ్ళుగా మాట్లాడుకుంటున్నాం, మిమ్మల్ని ఎదురుగా చూడ్డం ఇదే కదా.

కాగితాలు తర్వాత చూద్దాం. తెలుసండీ, బట్టల ఫ్యాక్టరీ వాళ్ళు ఎదురుచూస్తున్నారు. రెండువందల మిషన్లు, ఏడాదంతా మనిద్దరమే చూసుకోవాలి, ఇద్దరం భాగస్వాములుగా సంతకం చెయ్యాలి. నాకు మాత్రం తొందరుండదా? కానీ అంతకంటే ముందు మీకో మాట చెప్పాలి. అది చెప్పలేకే ఇందాకట్నుంచీ డొంకతిరుగుడుగా వాగుతున్నాను.

మొదట్నుంచీ చెబుతాను.

ఈ కొట్టు మా నాన్నది. ఈ మెట్ల కింద, ఇంత చోటులో, ముప్ఫై ఏళ్ళు మిషన్లు బాగుచేశాడు. నేను స్కూలు నుంచి వచ్చి ఆయన పక్కన కూర్చుని దారం చుట్టే బాబిన్లు తుడిచేదాన్ని. అలా అబ్బిందండీ ఈ పని. కానీ ఇప్పుడెవరు కుట్టించుకుంటున్నారు? అందరూ రెడీమేడే. ఈ వీధిలోనే ఒకే ఏడాది నలుగురు దర్జీలు మిషన్లకి ముసుగేసేశారు. పొద్దున్న షట్టర్ ఎత్తడం, సాయంత్రం దించడం. మధ్యలో నేనూ, నా నూనె డబ్బా!

మాకీ చోటు అద్దెకిచ్చిన ఇంటాయన వచ్చి ‘ఎవరో ఫోన్ కవర్ల వాడు ఈ కొట్టు అడుగుతున్నాడమ్మా’ అని రెండుసార్లు దగ్గాడు. నాన్న కూర్చున్న చోట ఫోన్ కవర్లా!

అప్పుడు మా అమ్మాయి పట్టుకుంది. ‘అమ్మా, ఇప్పుడు వ్యాపారమంతా ఫోన్లోనే. నలుగురితో పరిచయం పెంచుకో’ అని నాకు ఖాతా తెరిచింది. నలుగురేం ఖర్మ, నేను మూడువందల పన్నెండు మందితో పెంచుకోబోయాను. ఏమైందో విన్నారుగా!

అదిగో, అప్పుడు కనబడ్డారు మీరు. ‘సూదుల డాక్టరు’ అట! నాలుగువేల మంది మీ వెంట! ఎవరో ‘దారం తెగుతోందండీ’ అంటే మీరు ఇంతింత పొడుగు జవాబులు. ‘మెకానిక్‌ని పిలవకండి, గుడ్డని జరిపే పళ్ళ కింద దూది పేరుకుంది, బ్రష్షుతో తుడవండి చాలు.’ ఆఁ! మెకానిక్కే మెకానిక్‌ని పిలవొద్దంటాడా? ఈయన వెర్రివాడైనా అయ్యుండాలి, మహా జిత్తులమారైనా అయ్యుండాలి అనుకున్నాను. ఏమీ అనుకోకండి, జిత్తులమారనే తేల్చుకున్నాను.

అక్కణ్ణుంచి రోజూ మీ పోస్టుల కింద ‘అద్భుతం డాక్టరుగారూ’, ‘మీలాంటివారు అరుదు’ అని రాసేదాన్ని. గుర్తుందా? మీరు ప్రతిసారీ ‘థాంక్స్ చెల్లెమ్మా’ అనేవారు. చెల్లెమ్మ ఎందుకు రాసేదో తెలుసా? మీ దగ్గరికొచ్చే కస్టమర్లని కనిపెట్టడానికి!

ఇదే నేను చెప్పాల్సిన మాట. కాదు, ఇంకా ఉంది. ఆపకండి, ఆపితే మళ్ళీ చెప్పలేను.

ఒకరోజు సాయంత్రం ఒకావిడ మీ పోస్టు కింద రాసింది. ఆస్పత్రులకి దుప్పట్లూ గౌన్లూ కుట్టించే కేంద్రం నడుపుతోంది. ‘డాక్టరుగారూ, నాలుగు రోజులుగా మా పన్నెండు మిషన్లూ కుట్టు దాటేస్తున్నాయి, ఎప్పుడొస్తారు?’ అంది. మీరేమో మోకాలి నొప్పి, వచ్చే వారం వస్తానన్నారు. నేను చాటుగా ఆవిడకి మెసేజ్ పెట్టాను. ‘ఆయన వచ్చేదాకా ఎందుకమ్మా, నేను రేపే వస్తాను, తక్కువకే చేస్తాను’ అని.

పొద్దున్నకల్లా జవాబు, ‘రండి’ అని.

ఎగిరి గంతేశాననుకోండి! నాలుగు గంటలు బస్సులో వెళ్ళాను. అక్కడ పన్నెండు మంది ఆడవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చున్నారు. దుప్పట్లు ఎల్లుండికల్లా ఆస్పత్రికి చేరాలట, లేకపోతే ఆ పని వేరే వాళ్ళకి పోతుందట. ఇదెంత పని అని దిగాను. అడుగు దారం ఆడించే షటిల్ విప్పాను, దారం బిగువు మార్చాను, నూనె పోశాను. ఆవిడిచ్చిన డబ్బాలోంచి కొత్త సూదులు తీసి పన్నెండింటికీ మార్చాను. అబ్బే! నాలుగు కుట్లు పడటం, ఐదోది ఎగిరిపోవడం. మధ్యాహ్నం దాటేసరికి ఒళ్ళంతా నూనె, నోట్లో తడి లేదు. ఆడవాళ్ళు గుసగుసలాడుకుంటున్నారు. నాన్న పేరు ముంచేశానే అనిపించింది.

ఎవర్నడగను? తెలిసినవాడెవడు? మీరే!

సిగ్గు చంపుకుని వీడియో కాల్ చేశాను. ఎవరి మిషన్లో చెప్పలేదు. గోడమీద ఆవిడ కేంద్రం బోర్డు మీకు కనపడకుండా ఫోన్ని ఎన్ని తిప్పులు తిప్పానో ఆ దేవుడికే తెలియాలి. మీరు మొట్టమొదట ఏమన్నారు? ‘ముందు నీళ్ళు తాగు చెల్లెమ్మా. భోజనం చేశావా?’ అన్నారు. అక్కడే సగం చచ్చాను.

మూడు గంటలండీ! మోకాలికి వేణ్ణీళ్ళ సంచి పెట్టుకుని మూడు గంటలు నాతో కూర్చున్నారు. ‘చక్రం చేత్తో మెల్లిగా తిప్పు. షటిల్ ముక్కు సూది కన్ను దగ్గరికి వస్తోందా? దారాన్ని పట్టుకుంటోందా, వదిలేస్తోందా?’ వదిలేస్తోంది! ‘పాత సూది ఒకటి వెతుకు’ అన్నారు. చెత్తబుట్ట బోర్లించి వెతికాను. రెండూ బల్లమీద పక్కపక్కన పెట్టి చూస్తే ఏముంది? కొత్త సూది వెంట్రుకంత పొట్టి, అందుకే షటిల్‌కి దారం అందట్లేదు. ఆవిడ తమ్ముడు ఇంకో రకం మిషన్ సూదులు తెచ్చిపెట్టాడు. నేను ఆ డబ్బాలోంచే తీసి మళ్ళీ పన్నెండింటికీ తగిలించాను! మీరు నంబరు చెప్పారు, అక్కడి సూదుల కొట్టుకి పరిగెత్తి తెచ్చాను. సాయంత్రానికి పన్నెండు మిషన్లూ ఒక్కసారి టకటకటకా మొదలెట్టాయి. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. నాకేమో ఆ చేతులు వెనక్కి లాక్కోవాలనిపించింది.

బస్సులో కూర్చుని, ఆ మూడువందల పన్నెండు మందికి పెట్టిన నమస్కారాన్ని ఫోన్లోంచి చెరిపేశాను. మర్నాడు ఆ సూది సంగతి రాశాను. నా తెలివితక్కువతనంతో సహా, మీరు చెప్పారని కూడా. ఎవరో ముక్కూ మొహం తెలియని దర్జీ, ‘అమ్మా, నాదీ అదే జబ్బు, నయమైంది’ అన్నాడు. ఎంత హాయిగా ఉందనుకున్నారు! వారం తర్వాత నేనే అడిగాను, ‘మిషన్ ఎలా ఉంది నాయనా?’ అని. అతను ఇంకొకర్ని పంపాడు. ఆవిడ వాళ్ళ పిన్నిని పంపింది. ఇప్పుడు కొట్లో చోటు చాలక మిషన్లు మెట్లమీద పెడుతున్నాను. ఇంటాయన దగ్గడం మానేశాడు.

ఈ ఫ్యాక్టరీ పని మాత్రం ఎలా వచ్చింది? ఏ నూనె మంచిదని మనిద్దరం నాలుగు రోజులు అందరి ముందూ పోట్లాడుకున్నాం చూడండి, అది చదివే మేనేజరుగారు ‘వీళ్ళిద్దరికీ పనంటే పిచ్చి’ అని పిలిచాడు. అయినా ఆ నూనె సంగతిలో నాదే కరెక్టు. సరే, అది వదిలేయండి.

ఇదండీ సంగతి. మొదలు మాత్రం దొంగబుద్ధితోనే. మీ కస్టమర్ని మీ వెనకనుంచి ఎత్తుకుపోయి, ఆ పని మీచేతే చేయించుకున్నాను. రెండేళ్ళుగా మీరు చెల్లెమ్మా అన్నప్పుడల్లా గొంతులో ముల్లు. ఇప్పుడు భాగస్వామి అంటున్నారు, మింగుడు పడుతుందా? ఆ కాగితాలు చింపేస్తానంటే చింపేయండి. నేనేమీ అనను.

ఎందుకలా నవ్వుతారు? నేను ఏడుపు ఆపుకుంటుంటే నవ్వేంటండీ?

ఏంటీ?

ఆవిడ ఆ రాత్రే మీకు ఫోన్ చేసిందా! ‘ఎవరో ఒకావిడ వస్తానంటోంది, పిలవమంటారా’ అనా? మరి మీరు?

‘పిలువమ్మా, పాపం కొత్తగా మొదలెట్టింది, రోజూ నన్ను తెగ పొగుడుతోంది, చేతిలో పని లేదు కాబోలు’ అన్నారా!

అంటే ఆవేళ నా ఫోన్ కోసమే కూర్చున్నారా? ఆ డొక్కు ఫోన్ని అటూ ఇటూ తిప్పుతుంటే చూస్తూ కూర్చున్నారా? ఆవిడ కూడానా? ఈ రెండేళ్ళలో ఎన్నిసార్లు ఆవిడ కేంద్రానికి వెళ్ళొచ్చానండీ, ఒక్క ముక్క అనలేదే! ఎంత గడుసువాళ్ళండీ ఇద్దరూ!

రెండేళ్ళు, అన్నయ్యగారూ. రెండేళ్ళు నాకు నేనే దొంగనని ముద్ర వేసుకుని తిరిగాను. తీరా చూస్తే ఆ దొంగతనం కూడా మీరే దగ్గరుండి చేయించారు. నా మొహం, అదైనా సొంతంగా చేశాననుకున్నాను!